టిఫిన్ డబ్బాలో ఉప్పుమడి

డాక్టరేట్ చేసేవాళ్ళకి చదువు తప్ప ఇంకేమీ రాదని పైవాళ్ళకి ఎప్పుడో అనుమానం వచ్చింది. అనుమానం రావడమే ఆలస్యం, సెతో సముద్రం ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల నైపుణ్య శిక్షణ కేంద్రమని ఒకటి వెలిసింది. పాత గ్రంథాలయం వెనక, సైకిళ్ళ షెడ్డు పక్కన, రెండు గదులు. గోడ మీద నవ్వుతున్న కుర్రాళ్ళ పోస్టరు. ఆ కుర్రాళ్ళలో ఒక్కడూ పీహెచ్‌డీ చేస్తున్నవాడిలా కనిపించడు. అందరికీ కంటినిండా నిద్ర ఉన్నట్టుంది.

ఆ కేంద్రంలో పాఠాలు చెప్పేది ఉసుయి కనాయె. మీ పరిశోధన మీ అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పడం ఎలా, కంపెనీవాళ్ళ ముందు తలెత్తుకుని మాట్లాడడం ఎలా, ఉద్యోగం ఇంటర్వ్యూలో నమూనా పాఠం చెప్పి మెప్పించడం ఎలా, ఇవీ ఆమె పాఠాలు. ఉద్యోగం సంపాదించడం నేర్పే ఆ మనిషికే ఉద్యోగం లేదు. ఉన్నదల్లా ఏడాదికోసారి కాగితం మార్చుకునే కొలువు. ఆ మార్చుకోవడానికి కూడా ఓ హద్దుంది, ఆ హద్దు వచ్చే మార్చితో సరి. ఈ సంగతి ఆమెకి ఎవరూ నోటితో చెప్పలేదు. కేంద్రం అధికారి నుకాగా గారు వచ్చే ఏడాది ఏర్పాట్ల గురించి మాట్లాడినంతసేపూ ఆమె వైపు తప్ప అన్ని వైపులా చూశారు. దాంతో ఆమెకి అర్థమైపోయింది.

ఉసుయికి నలభై మూడేళ్ళు. చదివింది ఉప్పు చరిత్ర. ఆ సముద్రం ఒడ్డున ఒకప్పుడు ఇసుక పరిచి, దాని మీద సముద్రపు నీళ్ళు చల్లి, ఎండబెట్టి, దంతెలతో గీసి, ఆ ఇసుకని కడిగి ఉప్పు తీసిన కూలీల బతుకులు ఆమెకి కంఠతా వచ్చు. ఈ విద్యతో ఎవరికి పని? ఇన్నేళ్ళలో ఆమె పెట్టుకోని దరఖాస్తు లేదు. ప్రతిచోటి నుంచీ ఒకేరకం జవాబు వచ్చేది: "మీకు మున్ముందు అంతా శుభం జరగాలని ప్రార్థిస్తున్నాము." కుర్రాళ్ళు వాటికి ప్రార్థన ఉత్తరాలని పేరు పెట్టారు. అవి వచ్చినప్పుడు గుండె దిటవు చేసుకోవడం ఎలాగో కూడా ఉసుయి ఓ పాఠంగా చెప్పేది. చెప్పి, ఇంటికెళ్ళి తన ప్రార్థన ఉత్తరం తను చదువుకునేది.

అలాంటిది ఆ శరదృతువులో, కొండలకి అవతల ఉన్న ఇంకో సముద్రం ఒడ్డున, షిమానేలోని ఓ చిన్న ఊరి కళాశాలవాళ్ళు ప్రకటన వేశారు. తీరప్రాంతాల చరిత్ర చెప్పడానికి లెక్చరర్ కావాలి, కొలువు రిటైరయ్యేదాకా. తన కోసమే రాసినట్టున్న ఆ ప్రకటన చూసి ఉసుయి కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చదివింది. రిటైరయ్యేదాకా అన్న మాట అక్కడే ఉంది. దరఖాస్తు పెట్టింది. తనకి చదువు చెప్పి రిటైరైన హిరసే ప్రొఫెసర్ గారి చేత సిఫారసు రాయించుకుంది. ఇంటర్వ్యూకి రమ్మని పిలుపు కూడా వచ్చింది. ఇది పోతే ఇంకోటి లేదు, ఆ వయసుకి ఎవరూ పిలవరు. ఆ మాట తనకి తానే చెప్పుకుంది, ఇంకెవరికీ చెప్పలేదు.

పిలుపు వచ్చిన రెండో రోజున కొమొదా తాత్సుకి వచ్చి శిక్షణ కేంద్రం తలుపు కొట్టాడు.

కొమొదా ఆమెకి జూనియర్. ఆమె చదివిన హిరసే గారి దగ్గరే చివరి శిష్యుడు, ఉప్పు మోసిన పడవల మీద పరిశోధన పూర్తిచేయబోతున్నాడు. కుర్రాడు బుద్ధిమంతుడు. ఎంత బుద్ధిమంతుడంటే, తలుపు తెరిచే ఉన్నా కొట్టి నిలబడతాడు.

"రా, కొమొదా. ఏంటి, ముఖం అలా పెట్టుకున్నావు? ఎవరన్నా తిట్టారా?"

"లేదండి ఉసుయి గారూ. ఇంటర్వ్యూ వచ్చింది. నమూనా పాఠం చెప్పమన్నారు. మీరొకసారి చూసి చెప్తారేమోనని..."

"అబ్బో! ఎక్కడ?"

"షిమానేలో." ఊరి పేరు, కళాశాల పేరు చెప్పాడు. చెప్పి, తల వంచుకుని, ఆమె ఏమంటుందా అన్నట్టు నిలబడ్డాడు.

అది ఉసుయి దరఖాస్తు పెట్టిన కళాశాలే. ఒక్క మాట చాలు. 'నేనూ పెట్టాను' అంటే చాలు. ఒకే గురువు దగ్గర చదివినవాళ్ళలో పెద్దవాళ్ళు అడిగిన కొలువుకి చిన్నవాళ్ళు అడ్డం రారు. కొమొదా లాంటివాడైతే ఆ సాయంత్రమే కళాశాలకి ఫోన్ చేసి ఆరోగ్యం బాగాలేదని తప్పుకునేవాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆమె నోరు పెగల్లేదు. చెప్పడమంటే తప్పుకోమని అడుక్కోవడమే కదా! నలభై మూడేళ్ళ మనిషి, పాతికేళ్ళు దాటీ దాటని కుర్రాడి ముందు చెయ్యి చాచడమా? వాడే అడిగితే సరే. 'మీరు కూడా పెట్టారా' అని ఒక్క మాట వాడడిగితే అబద్ధం ఆడదు, అప్పుడు ఏం జరగాలో అది జరుగుతుంది. అడుగుతాడేమోనని చూసింది. టీ పోసింది, తను తాగింది, వాడు తాగేదాకా ఆగింది. వాడు అడగలేదు.

"సరే. మొదలుపెట్టు. నేను విద్యార్థిని అనుకో," అంది.

కొమొదా పాఠం మొదలుపెట్టాడు. పెట్టకపోయినా బాగుండేది. తెర మీద పట్టికలు. ఏ ఏట ఏ రేవు నుంచి ఎన్ని మూటల ఉప్పు. వాడి కళ్ళు తెర మీద, వీపు విద్యార్థుల వైపు. గొంతు రైల్వేస్టేషన్ ప్రకటనలా ఒకే ఎత్తున సాగిపోతోంది. కాసేపటికి ఉసుయికి నిజంగానే ఆవులింత వచ్చింది.

ఆమెకి పట్టరాని సంతోషం కూడా వచ్చింది. అవును, వచ్చింది, దాచడమెందుకు? వీడు ఇలాగే వెళ్తే ఆ కొలువు తనదే. 'బాగుంది, కొంచెం నెమ్మదిగా చెప్పు చాలు' అనేసి పంపేయవచ్చు. ఎవరికీ తెలియదు. వాడికైతే అసలు తెలియదు, పైగా వంగి వంగి దండాలు పెట్టి వెళ్తాడు.

కానీ పాఠం చెడిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం ఆమెకున్న జబ్బు. కొందరికి వంకరగా వేలాడే పటాన్ని సరిచేయందే చెయ్యి ఆగదు చూడండి, అలాంటిది.

"ఆపు," అంది. "కొమొదా, ఎవరికి చెప్తున్నావు ఇది? గోడకా?"

"అంటే..."

"పడవలు పడవలు అంటున్నావు. ఒక్క పడవన్నా కనపడిందా నాకు? ఆ మూటలు ఎవడు మోశాడు? వాడి వీపు ఎలా మండింది? ఉప్పు, చెమట కలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"మండుతుందండి."

"మరి అది చెప్పవేం! అంకెలు చెప్తావెందుకు?"

కొమొదా తెర ఆపేశాడు. "నాకు అలా చెప్పడం రాదండి. మీరు ఎలా చెప్తారో ఒకసారి చూపిస్తే..."

అక్కడ ఆగిపోవాల్సింది ఉసుయి. ఆగలేదు. బీరువా తెరిచి ఓ టిఫిన్ డబ్బా తీసింది. మామూలు అన్నం డబ్బానే, చెక్కది, మూత మీద లక్క పెచ్చులూడిపోయింది. అందులో సన్నటి ఇసుక. అది తను షిమానే ఇంటర్వ్యూ కోసం సిద్ధం చేసుకున్న పాఠం. కొన్నేళ్ళుగా మనసులో నానబెట్టి, ఈమధ్యే తీరుకి తెచ్చుకున్నది.

డబ్బా బల్ల మీద పెట్టి, "ఇవాళ మధ్యాహ్నం భోజనం ఇదండీ," అంది ఎదురుగా తరగతి ఉన్నట్టు. ఇసుక మీద ఉప్పునీళ్ళు చిలకరించింది. ఫోర్కుతో అడ్డంగా, నిలువుగా గీసింది. గీస్తూ, ఎండలో నడుము వంచి దంతె లాగే కూలిమనిషి గురించి చెప్పింది. ఆ కూలిమనిషి పేరు, ఆమె వీపున కట్టుకున్న పసిపిల్ల, ఆకాశంలో మబ్బు కనపడితే ఆ రోజు కూలి పోయినట్టేనన్న భయం. అప్పుడు ఇసుకని టీ వడకట్టే జల్లెట్లో వేసి, మీద నీళ్ళు పోసి, కిందికి దిగిన చుక్కలు కప్పులో పట్టి వాడి చేతికిచ్చింది. "రుచి చూడు. ఇంత చేస్తే ఇంత వస్తుంది."

కొమొదా రుచి చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పుకో, పాఠానికో తెలియదు.

"ఇలా చెప్పాలా..." అన్నాడు కప్పు కింద పెట్టి. "ఉసుయి గారూ, నేనూ ఇలాగే చెప్తే..."

"నీది పడవల పాఠం కదా. నీకు తగ్గట్టు నువ్వే ఏదన్నా చూసుకుంటే... అదీ బాగానే ఉంటుందేమో," అంది ఉసుయి, మాట చివర గొంతు తగ్గించి.

అలా గొంతు తగ్గించడమంటే వద్దని చెప్పడమే. ఆమె పెరిగిన చోట పెద్దవాళ్ళు వద్దని అలాగే చెప్తారు. వద్దురా నాయనా, ఇది నాది, ముట్టుకోకు అని ఎవరూ అరవరు. కొమొదా నడుము దాకా వంగి దండం పెట్టాడు. అర్థమైందనే అనుకుంది ఆమె. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు, గొంతు ఎక్కడ పెంచాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పించింది. పడవ గురించి ఏం ఆలోచించావని అడిగితే, "ఆలోచిస్తున్నానండి," అన్నాడు. నుకాగా గారు గుమ్మంలోంచి చూసి, "ఉసుయి గారు ఎంత శ్రద్ధగా నేర్పిస్తున్నారో!" అని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఇంటర్వ్యూ రోజున ఉసుయి కొండల మధ్య నుంచి వెళ్ళే రైల్లో ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చుంది. మూత ఊడకుండా పువ్వుల గుడ్డలో మూట కట్టింది. పక్క సీటు ముసలమ్మ ఆ మూటని చూసి, "ఇంకా తినలేదామ్మా? టీ ఇమ్మంటావా?" అని అడిగింది. "తర్వాత తింటానండి," అంది ఉసుయి. చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. కిటికీలోంచి అవతలి సముద్రం కనపడగానే, ఇక్కడే ఇల్లు తీసుకోవాలి, నీళ్ళు కనపడేలా, అనుకుంది. మరీ అంత దూరం ఆలోచించకూడదని తెలిసినా అనుకుంది.

కొమొదాని పొద్దున పిలిచారు, ఆమెని మధ్యాహ్నం. ఒకరికొకరు ఎదురుపడకుండా కళాశాలవాళ్ళు అలా వేరు చేస్తారు. ఆమె వెళ్ళేసరికి అతను రైలెక్కి వెళ్ళిపోయాడు. గదిలో అయిదుగురు పెద్దలు వరసగా కూర్చున్నారు. మధ్యలో తెల్లజుట్టు డీన్ గారు. ఆమె నిలబడి చెప్పాల్సిన బల్ల ముందుంది. తన పేరు చెప్పి, వంగి నమస్కరించి తలెత్తేటప్పుడు చూసింది. బల్ల మూల మీద చదరంగా తడి మచ్చ ఉంది. దాని పక్కన, తుడిచినా పోని ఇసుక రేణువులు కొన్ని.

ఆమె చేతులు మూట ముడి మీదే ఆగిపోయాయి.

విప్పకుండా చెప్పవచ్చునా? కానీ పాఠమంతా ఆ ఇసుకలోనే ఉంది. ఎన్నో ఏళ్ళుగా చేతుల్తో చెప్పడం నేర్చుకున్న మనిషి ఉన్నపళంగా ఉత్త నోటితో ఏం చెప్తుంది? అయిదుగురూ చూస్తున్నారు. గోడగడియారం నడుస్తోంది. ముడి విప్పింది, మూత తీసింది. "ఇవాళ మధ్యాహ్నం భోజనం ఇదండీ," అంది.

చివర కూర్చున్న చిన్న వయసు ప్రొఫెసర్ ఫక్కున నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు. పక్కావిడ అతన్ని మోచేత్తో పొడిచింది. డీన్ గారు మాత్రం మర్యాదగా చివరిదాకా విన్నారు. మర్యాద అంటే ఏమిటో ఉసుయికి ఆ రోజు తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ పెంచింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వాళ్ళు ముందే విన్న చోట్ల తలలు ఊపారు. కప్పులో ఉప్పునీళ్ళు పట్టి ఇస్తే ఎవరూ రుచి చూడలేదు. పొద్దున చూసేశారు.

"చాలా బాగుంది," అన్నారు డీన్ గారు. "ఒక్క మాట అడగనా? మీ సెతో వైపు ఇప్పుడందరూ పాఠం ఇలాగే చెప్తున్నారా?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, బరువు తేలిక చేసే నవ్వు. ఉసుయి నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. ఇది నాది. వాడికి నేర్పింది నేను. చెప్తే నమ్మేవాళ్ళేమో. కానీ చెప్పిన క్షణంలో కొమొదా దొంగవుతాడు, తను ఓ కుర్రాడి మీద చాడీలు చెప్పే పెద్దావిడ అవుతుంది.

"మా విశ్వవిద్యాలయంలో శిక్షణ కేంద్రం ఉందండి. అక్కడ నేర్పిస్తారు," అంది.

"ఓహో. శిక్షణ మంచిదే. మంచిదే." డీన్ గారు కలం మూత పెట్టుకున్నారు. "అయితే ఇంత అనుభవం ఉన్న మీలాంటివారి దగ్గర మేము... ఎలా చెప్పాలి... మీ సొంతదేదైనా చూద్దామనుకున్నాం."

ఆమె వంగి నమస్కరించింది. డబ్బా మూత పెట్టి, గుడ్డ ముడి వేసి, బల్ల మీద రాలిన ఇసుకని చేత్తో తుడిచింది. పొద్దుటి రేణువుల్ని కూడా తుడిచింది. తిరుగు రైల్లో ముసలమ్మలెవరూ పలకరించలేదు. సముద్రం వైపు కాకుండా కొండ వైపు కూర్చుంది.

ప్రార్థన ఉత్తరం వచ్చింది. అందులో ఏముందో చదవక్కర్లేదు. కొత్త ఏడు పండగ అయిపోయాక, చలి ఇంకా తగ్గకముందే, కొమొదా మిఠాయి పెట్టె పట్టుకుని శిక్షణ కేంద్రానికి వచ్చాడు. కొత్త సూటు, కొత్త బూట్లు. నుకాగా గారు ఎదురెళ్ళి మరీ చేతులు పట్టుకున్నారు. "మా కేంద్రం నుంచి మొట్టమొదటి పర్మనెంట్ కొలువు! పై ఆఫీసుకి రాసే రిపోర్టులో మీ పేరే ముందు పెట్టాను కొమొదా గారూ! అంతా ఉసుయి గారి చలవ!" అని, ఈసారి మాత్రం ఉసుయి వైపు తిరిగి నవ్వారు. నవ్వి, వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనిచ్చి వెళ్ళిపోయారు.

కొమొదా కూర్చోలేదు. పెట్టె రెండు చేతుల్తో ఇచ్చి, నిలబడే ఉన్నాడు.

"కూర్చోరా బాబూ. లెక్చరర్ గారివైపోయావు, ఇంకా నిలబడడమేంటి?" అంది ఉసుయి.

"ఉసుయి గారూ, మీకో మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించట్లేదు."

"చెప్పు."

"మీరూ అదే కొలువుకి పెట్టారని నాకు ముందే తెలుసు."

ఉసుయి మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టింది.

"సిఫారసు కోసం వెళ్తే హిరసే గారు చెప్పారు. 'ఉసుయి కూడా పెడుతోంది. వెళ్ళి ముందు ఆమెని కనుక్కో' అన్నారు. మొదటిరోజు నేను వచ్చింది పాఠం కోసం కాదండి. మీరు తప్పుకోమంటే తప్పుకుందామని వచ్చాను."

"మరి అడగలేదేం?"

"మిమ్మల్ని నేనెలా అడుగుతానండి! మీకు పోటీగా నిలబడనా వద్దా అని మీ ముఖం మీదే అడగడమా? నేను కళాశాల పేరు చెప్తే మీరే ఏదో ఒకటి అంటారని చూశాను. టీ తాగుతున్నంతసేపూ చూశాను. మీరు ఏమీ అనలేదు. తర్వాత ఏకంగా మీ డబ్బా తెరిచి, మీ పాఠం మొత్తం నా ముందు పెట్టారు. అప్పుడనుకున్నాను, ఉసుయి గారు నా కోసం వదులుకుంటున్నారు, నోటితో చెప్పకుండా ఇలా చెప్తున్నారు, అని. అందుకే అక్కడ అక్షరం మార్చకుండా మీరు చెప్పినట్టే చెప్పాను. మారిస్తే మీరిచ్చినదానికి మర్యాద కాదనిపించింది. మీరు ఇంటర్వ్యూకి అసలు రారనుకున్నాను. కానీ పోయిన వారం ఆ డీన్ గారు నవ్వుతూ చెప్పారు, ఆ రోజు మధ్యాహ్నం ఇంకొకావిడ కూడా..."

అతను ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది.

"నేను తప్పుగా అనుకున్నానా ఉసుయి గారూ? మీరు నన్ను వెళ్ళమనే ఆ డబ్బా తెరిచారా? కాదా? ఏదన్నా సరే నిజం చెప్పండి. కాదంటే ఇప్పుడే ఆ కళాశాలకి చెప్పేస్తాను. ఇంకా సంతకం పెట్టలేదు."

నిజంగానే చెప్పేస్తాడు. వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది. చెప్పేస్తే ఆ కొలువు ఉసుయికి రాదు, మూడో మనిషెవరికో పోతుంది. వీడు వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ ఇలాంటి రెండు గదుల్లో ఎక్కడో కూర్చుని, కాగితం మార్చుకుంటూ, కుర్రాళ్ళకి గుండె దిటవు చేసుకోవడం నేర్పుతాడు. ఉసుయి అతని కొత్త బూట్ల వైపు చూసింది. ఒక లేసు సరిగ్గా కట్టుకోలేదు.

"అవును," అంది. "నిన్ను వెళ్ళమనే తెరిచాను. నేను వెళ్ళింది ఊరికే, పిలిచినవాళ్ళని కాదనడం బాగుండదని."

"నిజంగానా?"

"నిజంగానే. నాకు ఆ చలి పడదు."

కొమొదా అలాగే నడుము వంచాడు, చాలాసేపు లేవలేదు. లేచాక ముఖం తేటపడింది. ఇన్నాళ్ళూ మోసుకు తిరిగిందేదో దించేసినవాడిలా మాట్లాడడం మొదలుపెట్టాడు. అద్దెకి చూసిన ఇంటి గురించి, కిటికీలోంచి కనపడే సముద్రం గురించి, ఏప్రిల్లో చెప్పబోయే మొదటి పాఠం గురించి. ఆమె తల ఊపుతూ వింది. మధ్యలో ఒకచోట, గొంతు అక్కడ పెంచకు, అని సరిచేసింది కూడా.

అతను వెళ్ళిపోయాక పెట్టె విప్పి, పూర్ణం పెట్టిన మిఠాయి ఒకటి తిన్నది. ఇన్నాళ్ళూ ఆమె దగ్గర కనీసం ఓ కోపం ఉండేది. నాది వాడు పట్టుకుపోయాడు అని రాత్రిళ్ళు తనలో తాను అనుకోవడానికి ఓ మాట ఉండేది. ఇప్పుడు అది కూడా తన నోటితోనే ఇచ్చేసింది. ఇచ్చాక తిరిగి అడగడానికి లేదు. ఆమెకి ఏడవాలనిపించింది, కానీ తర్వాతి విద్యార్థి అప్పటికే గుమ్మంలో ఉన్నాడు, చేతిలో లాప్‌టాప్‌తో.

"రండి," అంది ఉసుయి, నోరు తుడుచుకుని. "కూర్చోండి. మీరు దేని మీద చేస్తున్నారో చెప్పండి. నన్ను మీ అమ్మమ్మ అనుకోండి."